ఇంటి వయసు, బడి వయసు

ఆ పొద్దున చీమలు పట్టించాయి గానీ, లేకపోతే గువ్వ దొంగతనం ఇంకెన్నాళ్ళు సాగేదో.

టైలరమ్మ మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మిషను కాళ్ళ పక్క నుంచి గోడ వారగా ఒక చీమల బారు తాపీగా నడిచి వెళుతోంది. అది ఎటు పోతోందా అని చూస్తే, కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ పడేసే గుడ్డ సంచి దగ్గర తేలింది. గుడ్డముక్కల్లో చీమలకేం పని అనుకుంటూ చెయ్యి పెట్టి తీసింది. పూల గుడ్డలో పొట్లం కట్టిన గుడ్డు పచ్చసొన వచ్చింది. దాని కింద చారల గుడ్డలో నల్లబడ్డ అరటిపండు ముక్క, ఇంకో దాంట్లో రాయిలా ఎండిన అన్నం ముద్ద. ప్రతి పొట్లానికీ పైన చక్కగా దారం చుట్టి ఉంది. టైలరు కూతురు కదా, ఊరికే వదిలేయలేదు.

"గువ్వా!"

గువ్వ వంటగది తలుపు చాటునుంచి ఒక కన్ను మాత్రమే బయటపెట్టింది. నాలుగేళ్ళు నిండి నెలలు గడిచిన పిల్ల. మనిషి పిట్టంత, కళ్ళు మాత్రం ఇంతింత.

"ఇవేంటే?"

"నాకు తెలీదు. చీమలు తెచ్చుకున్నాయేమో," అంది గువ్వ.

బట్టలు మడతపెడుతున్న అత్తగారు ఫక్కున నవ్వేసింది. "చీమలకి దారం చుట్టడం కూడా వచ్చా? చూశావుటే అమ్మాయ్, నీ కూతురికి కుట్టడం రాకపోయినా కట్టడం వచ్చేసింది."

"నవ్వకండి అత్తయ్యా. నేను పొయ్యి దగ్గర నిలబడి చేసి పెట్టేది ఈ చీమలకా? దీని ఒంట్లో ఏమన్నా ఉందా అసలు? చేతులు చూడండి, చీపురుపుల్లలు!"

"తింటుందిలే. ఏమే గువ్వా, ఆ ఫోటోల వాళ్ళబ్బాయిని చూడు, నీకన్నా చిన్నవాడే. తాటిచెట్టులా ఎంత ఎదిగాడో! తినకపోతే నువ్విలా గుప్పెడే ఉండిపోతావు."

అత్తగారు ఆ మాట రోజూ అనేదే. ముద్ద దిగాలని అనేది తప్ప మనసులో ఏమీ పెట్టుకుని కాదు. కానీ అది టైలరమ్మకు గుండెలో గుండుసూదిలా దిగింది. పళ్ళెంలో ఇంకో గుడ్డు వేసుకొచ్చి, పిల్లని ఒళ్ళో ఇరికించుకుని కూర్చుంది. గువ్వ పెదాలు బిగించింది. తల్లి ముక్కు మూసింది. ఊపిరి కోసం నోరు తెరవగానే ముక్క తోసేసింది. అలా నాలుగైదు ముక్కలు పోయాక గువ్వ కడుపు ఒక్కసారి ఎగిసింది. తిన్నదీ, పొద్దున తాగిన పాలూ అంతా తల్లి ఒళ్ళో కక్కేసింది.

టైలరమ్మ చెయ్యి లేచింది. పిల్ల వీపు మీద ఛెళ్ళున పడింది.

గువ్వ ఏడవలేదు. తల్లి చీర వైపు చూసి, "నేను తుడుస్తానమ్మా," అంటూ తన గౌను అంచు పట్టుకుని తుడవబోయింది. అత్తగారు లేచి వచ్చి పిల్లని లాక్కుంది.

"ఇదేం పెట్టడమే? పగవాళ్ళకి కూడా ఇలా పెట్టరు."

"ఇవాళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బలం మందు రాయించుకొస్తాను. బడి మానిపించేస్తాను ఈ పూటకి," అంది టైలరమ్మ, తల ఎత్తకుండా.

"పద, నేనూ వస్తాను."

"మీరెందుకు అత్తయ్యా, మోకాళ్ళ నొప్పులతో?"

"నా మోకాళ్ళు నా మాట వింటాయి. నీ చెయ్యే నీ మాట వినట్లేదు," అని అత్తగారు చెప్పులు వేసుకుంది.

టైలరమ్మకు అత్తగారు రావడం ఇష్టం లేదు. దానికి కారణం మోకాళ్ళు కాదు.

ఈ కథంతా ఒక పసుపు గౌనుతో మొదలైంది. టైలరమ్మ పెద్ద బజారులోని రెడీమేడ్ షాపుకి పిల్లల బట్టలు కుట్టి ఇస్తుంది. రెండేళ్ళ సైజు, మూడేళ్ళ సైజు, నాలుగేళ్ళ సైజు అని షాపు యజమాని ఇచ్చిన అట్టలు మిషను పక్కన మేకుకి వేలాడుతూ ఉంటాయి. గుడ్డ మీద అట్ట పెట్టి, సుద్దతో గీసి, కళ్ళు మూసుకుని కూడా కత్తిరించగలదు. గువ్వకు నాలుగేళ్ళు నిండిన వారంలోనే నాలుగేళ్ళ సైజు గౌన్లు కుట్టాల్సి వచ్చింది. ముచ్చటపడి ఒక పసుపు గౌను కూతురికి తొడిగి చూసింది. భుజాలు జారిపోయాయి. అంచు మడమల దాకా వచ్చింది. గువ్వ మాత్రం మహారాణిలా గిరగిరా తిరిగి, "అమ్మా, ఇది నాదేనా?" అంది. టైలరమ్మ టేపు తీసి కొలిచింది. ఛాతీ, పొడవు, చెయ్యి, ఎక్కడ కొలిచినా పిల్ల మూడేళ్ళ అట్టలోనే ఉంది.

తాను కోసిన గుడ్డకు తన బిడ్డే సరిపోలేదు! ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. వీధిలో ఏ పిల్ల కనిపించినా ముందు కంటితోనే కొలిచేది, తరువాతే ముఖం చూసేది.

సరిగ్గా అప్పుడే గువ్వను బడిలో చేర్చడానికి వెళ్ళింది. బడి అంటే ఒక టీచరు తన ఇంట్లోనే నడిపే చిన్న బడి. మూడేళ్ళ వాళ్ళకి చిన్న గది, నాలుగు దాటిన వాళ్ళకి పెద్ద గది. "పాపకి ఎన్నేళ్ళండీ?" అని టీచరు అడిగింది. వెనక వరుసలో ఫోటో స్టూడియో అతని భార్య కొడుకుని పట్టుకుని నిలబడి ఉంది. వీధిలో అందరూ ఆమెను ఫోటోలావిడ అంటారు. పిల్లవాడు గువ్వ మీద జానెడు ఎత్తున్నాడు. టైలరమ్మ నాలిక దానంతట అదే మడత పడింది.

"మొన్ననే మూడు నిండాయండీ."

అబద్ధం ఆడినా అతికినట్లుండాలి అంటారు. అతకడం, కుట్టడం ఆమె పనే కదా, బాగానే అతికింది. ఆ సాయంత్రం కూతుర్ని కూర్చోబెట్టి, బడిలో ఎవరడిగినా మూడు అని చెప్పాలని నేర్పింది. గువ్వ మూడు వేళ్ళు చూపించడం సాధన చేసింది. తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ తల్లే కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పైగా ఆ అబద్ధం తియ్యగా కూడా ఉంది. "మూడేళ్ళకే ఇన్ని మాటలా! పిట్ట కొంచెం కూత ఘనం," అని టీచరు మెచ్చుకుంటే టైలరమ్మ నిజంగానే మురిసిపోయేది. ఎవరినో మోసం చేస్తున్నానన్న సంగతే ఆ కాసేపూ మరిచిపోయేది.

ఆసుపత్రి వరండాలో బల్లలన్నీ నిండి ఉన్నాయి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తాడని, దగ్గుతున్న కొడుకుని పక్కన పెట్టుకుని ఫోటోలావిడ అక్కడే కూర్చుని ఉంది. వీళ్ళని చూడగానే జరిగి చోటిచ్చింది.

"ఏం గువ్వా, బడికి ఎగనామమా?"

"కక్కుకున్నానండీ. గుడ్డుకీ నాకూ పడదు," అంది గువ్వ పెద్దమనిషిలా.

ఫోటోలావిడ పగలబడి నవ్వింది. అత్తగారి వైపు తిరిగి, "మీ మనవరాలి మాటలు వింటే మూడేళ్ళ పిల్లంటే ఎవరూ నమ్మరండీ పెద్దమ్మగారూ! మావాడు నాలుగుకి దగ్గర పడుతున్నాడు, ఇంకా 'అమ్మా ఆకలి' తప్ప ఇంకో మాట రాదు," అంది.

"మూడేళ్ళేమిటమ్మా? దానికి..."

"అత్తయ్యా, మనల్ని పిలిచారేమో చూడండి," అని టైలరమ్మ గబుక్కున అందుకుంది.

"నా చెవులు బాగానే ఉన్నాయి, ఎవరూ పిలవలేదు."

అత్తగారు కోడలి ముఖం చూసింది. నుదుటి మీద చెమట, కిందకి వాలిన కళ్ళు. తరువాత మనవరాలి చేతి వైపు చూసింది. గువ్వ అప్పటికే అలవాటు కొద్దీ మూడు వేళ్ళు పైకెత్తి పట్టుకుని ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎరిగిన మనిషి ఆవిడ. పరాయి ఆవిడ ముందు ఒక్క మాట కూడా అనలేదు. "ఆఁ, దాని నోరు వాళ్ళ తాతది," అని ఊరుకుంది. కానీ కోడలి పక్క నుంచి కాస్త ఎడంగా జరిగి కూర్చుంది. ఆ కాస్త ఎడం టైలరమ్మకు మైలు దూరంలా అనిపించింది.

లోపల డాక్టరమ్మ గువ్వను పుట్టినప్పటి నుంచీ ఎరుగును. టీకాలన్నీ ఆవిడ చేతి మీదుగానే పడ్డాయి. బరువు చూసి, గోడకి నిలబెట్టి ఎత్తు చూసి, పిల్ల బెరుకు పోగొట్టడానికి గడ్డం పట్టుకుని అడిగింది.

"చాలా రోజులకి వచ్చావే! ఇప్పుడు నీకు ఎన్నేళ్ళమ్మా?"

గువ్వ చెయ్యి లేపింది. మూడు వేళ్ళు తెరిచింది. నాలుగోది కూడా సగం తెరిచి మళ్ళీ ముడిచింది. తల్లి వైపు తిరిగి, గుసగుస అనుకుంటూ అందరికీ వినపడేలా అడిగింది.

"అమ్మా, ఇక్కడ ఏది చెప్పాలి? ఇంటి వయసా, బడి వయసా?"

డాక్టరమ్మ నవ్వింది. "అబ్బో, నీకు రెండు వయసులున్నాయా?"

"ఇంట్లో నాలుగు. బడిలో మూడు. నేను సరిగ్గా పెరగలేదు కదా, అందుకని నాలుగు చెబితే సిగ్గు. పెరిగాక చెబుతాను," అంది గువ్వ. తప్పు చెప్పానేమోనని మళ్ళీ తల్లి ముఖం చూసింది.

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. నేల చీలితే అందులోకి దిగిపోదును అనుకుంది. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. అత్తగారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చుంది.

"ఎవరు చెప్పారమ్మా పిల్ల పెరగలేదని?" డాక్టరమ్మ చాలా మెల్లగా అడిగింది.

"నేనే..." అంది టైలరమ్మ. "నేను బట్టలు కుడతానండీ. నాలుగేళ్ళ కొలత దీనికి సరిపోలేదు. తిండి కూడా తినదు. ఇదివరకు ఎంత పెడితే అంత తినేది. ఏదైనా బలం మందు రాయండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ టీకాల కార్డు తిప్పి, వెనక ఉన్న గీతల మధ్య ఒక చుక్క పెట్టింది. "ఇలా చూడండి. ఇవి పాప ఎత్తు చుక్కలు. ఇదిగో పుట్టినప్పటిది, ఇది ఏడాదికి, ఇది రెండేళ్ళకి, ఇది ఇవాళ్టిది. పై గీత మీద లేదు, నిజమే. కింది వైపు గీత పట్టుకుని నడుస్తోంది. కానీ ఎక్కడన్నా దారి తప్పిందా?"

తప్పలేదు. చుక్కలన్నీ ఒకే బాటలో పైకి ఎక్కుతున్నాయి.

"మీరు ఎత్తు తక్కువే. మీ ఆయనో?"

ఈసారి అత్తగారే జవాబిచ్చింది. "మావాడు సీటు మీద దిండు వేసుకుని బస్సు నడుపుతాడమ్మా. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?"

"మరింకేం! ఈ పాప మీ ఇంటి పిల్లలాగే పెరుగుతోంది," అంది డాక్టరమ్మ. "మొదటి ఏడాది పిల్లలు పరుగు పెడతారు. పుట్టిన బరువు ఏడాది తిరిగేసరికి మూడింతలవుతుంది. అదే పరుగు ఆ తరువాత కూడా పెడితే ఐదేళ్ళకి మీ ఇంటి గుమ్మం పట్టదు. రెండు దాటాక నడక మొదలవుతుంది. ఏడాదికి రెండు కిలోలు, మూడు నాలుగు వేళ్ళ ఎత్తు, అంతే. బొజ్జ తగ్గుతుంది, కాళ్ళు సాగుతాయి, చూసేవాళ్ళకి చిక్కినట్టే ఉంటారు. పరుగు ఆగింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది. ఒక పూట బాగా తింటారు, ఒక పూట ముట్టరు. ఏం పెట్టాలో మీరు చూసుకోండి. ఎంత తినాలో దాని కడుపుకి వదిలేయండి."

"మరి మందు?"

"అక్కర్లేదు. ఆరు నెలలకోసారి తీసుకురండి, చూస్తాను. ఎదుగుదల ఆగిపోయినా, ఈ బాట వదిలి కిందికి జారినా, అప్పుడు కంగారు పడదాం. నాకు దిగులల్లా ఆ రెండు వయసుల గురించే. ఆ సంగతి మీరు చూసుకోవాలి," అని డాక్టరమ్మ కార్డు చేతికిచ్చింది.

దారి పొడుగునా అత్తగారు కోడలి వైపు తిరగకుండా నడిచింది. గువ్వ మాత్రం మధ్యలో ఇద్దరి వేళ్ళూ పట్టుకుని గెంతుతూ, "మందు లేదు, మందు లేదు," అని పాట కట్టింది.

సాయంత్రం బస్సు డ్యూటీ దిగి డ్రైవరు ఇంటికి వచ్చాడు. చంకలో దిండు, చేతిలో నీళ్ళ సీసా. ఇంట్లో నిశ్శబ్దం చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఏంటి, ఇద్దరూ యుద్ధం చేసి అలిసిపోయారా?"

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది అత్తగారు కోడలితో.

టైలరమ్మ మిషను మీద తల వంచుకుని చెప్పింది. పసుపు గౌను, బడి, మూడు వేళ్ళు, డాక్టరు గది, అన్నీ. డ్రైవరు మొదట నవ్వబోయాడు. ఇంటి వయసు, బడి వయసు దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. దిండు కుర్చీలో పడేసి నిలబడిపోయాడు.

"అంటే నన్ను చూసి కూడా సిగ్గుపడుతున్నావా?"

"అదేం మాటండీ!"

"మరి పిల్ల ఎవరి పోలిక? రోజూ ఎవరో ఒకరు బస్సెక్కి, డ్రైవరేడీ, స్టీరింగు ఒక్కటే కనిపిస్తోందేంటి అంటారు. నేను నవ్వేస్తాను. బయట ఎన్నన్నా పర్లేదు, ఇంటికి వెళితే అనేవాళ్ళు లేరు కదా అనుకునేవాణ్ణి."

ఆ మాటతో టైలరమ్మ గట్టు తెగింది. "మీకు నవ్వేయడం వచ్చు. నాకు రాదు! నన్ను బడిలో పిడికెడు అనేవాళ్ళు. నా పేరు మా టీచరుకి కూడా గుర్తుండేది కాదు. పిడికెడు ఏది, పిడికెడు వచ్చిందా అని హాజరు వేసేవారు. పెళ్ళిలో కూడా మీ చుట్టాలు నా కాళ్ళ కింద పీట వేసి ఫోటో తీస్తామన్నారు. నా కూతురికి అది వద్దనుకున్నాను. నాలుగేళ్ళకి చిన్నదే అనిపించుకునే కన్నా, మూడేళ్ళకి పరవాలేదు అనిపించుకుంటే మేలు కదా అనుకున్నాను. అంతే!" ఆమె అత్తగారి వైపు తిరిగింది. "మీరు మాత్రం తక్కువా? ముద్దముద్దకీ ఫోటోల వాళ్ళబ్బాయిని చూడు, వాణ్ణి చూడు అన్నారు. నేను చూశాను అత్తయ్యా. రోజూ చూశాను."

అత్తగారు మడత పెడుతున్న తువ్వాలు ఒళ్ళోనే ఉండిపోయింది.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "నిన్ను పిడికెడు అన్నవాళ్ళని ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు నువ్వు. రేపు గువ్వ మర్చిపోతుందా? దాన్నింకా ఎవరూ ఏమీ అనలేదు. మొదట అన్నది నువ్వే."

అతను దిండు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మర్నాటికి ఇవ్వాల్సిన గౌన్లు మిగిలి ఉన్నాయి. టైలరమ్మ కళ్ళు తుడుచుకుని మేకు మీది నాలుగేళ్ళ అట్ట తీసి గుడ్డ మీద పెట్టింది. సుద్దతో చుట్టూ గీసింది. అలవాటుగా గీతకి అవతల, కుట్టుకి పోను ఇంకో రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదిలి, కత్తెర పెట్టబోయి ఆగింది.

ఆ రెండు వేళ్ళూ ఎందుకు వదులుతోంది?

షాపు యజమాని చెప్పాడు కాబట్టి. పని మొదలుపెట్టిన రోజునే చెప్పాడు. "అట్టలే కాస్త పెద్దగా కోయించానమ్మా. నువ్వు ఇంకొంచెం వదిలి కుట్టు. గౌను పెద్దదైతే మడిచి తొడుక్కుంటారు, చిన్నదైతే వెనక్కి తెచ్చి గొడవ పెట్టుకుంటారు." అంత పెద్ద గౌను ఏ నాలుగేళ్ళ పిల్లకీ సరిపోదు. సరిపోకూడదనే కుట్టించాడు. ఆ సంగతి ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా ఆమెకు తెలుసు. అట్టకి రెండు వేళ్ళు కలిపింది తనే. కలిపిన గౌను పిల్లకి తొడిగి, వదులైందని పిల్లని తప్పు పట్టిందీ తనే. ముక్కు మూసి గుడ్డు కుక్కింది ఆ రెండు వేళ్ళ గుడ్డ కోసమే.

టైలరమ్మకు ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. డాక్టరు ముందు పడ్డ సిగ్గు వేరు, అది నలుగురిలో పడ్డది. ఇది ఎవరూ చూడకుండానే పడ్డది. కత్తెర పక్కన పెట్టి, సుద్ద గీతల మీద నుదురు ఆనించి ఏడ్చింది.

"ఇది చూడు," అన్న మాట విని తలెత్తింది. అత్తగారు పక్కన నిలబడి ఉంది. చేతిలో గువ్వ నీలం గౌను ఉంది, పిల్లకి రెండేళ్ళప్పుడు కుట్టినది. పెరిగే పిల్ల కదా అని అప్పుడు టైలరమ్మ లోపలికి చాలా మడతలు పెట్టి కుట్టింది. అంచు బిగుతైనప్పుడల్లా ఒక మడత విప్పింది. విప్పిన ప్రతిచోటా పాత మడత రంగు వెలిసి ఒక గీత మిగిలింది. గౌను కింది భాగమంతా ఒకదాని కింద ఒకటిగా ఆ గీతలే.

"విప్పింది నీ చేత్తోనే. పిల్ల పెరగకపోతే ఎందుకు విప్పినట్టు?" అంది అత్తగారు. గౌను మిషను మీద పెట్టి అంది, "నాదీ తప్పేనే. తింటుందని అన్నాను గానీ, ఆ మాట నిన్ను కూడా తింటోందని తెలీలేదు. ఇంకెప్పుడన్నా ఆ పిల్లాడి పేరెత్తితే నా నోట్లో ఆ గుడ్డు కుక్కు."

ఏడుస్తూనే నవ్వొచ్చింది టైలరమ్మకి. అత్తగారు పక్కనే కూర్చుంది. ఈసారి ఎడంగా కాదు.

గువ్వ బొమ్మని చంకనేసుకుని వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అమ్మా, నేను బడి వయసు డాక్టరమ్మకి చెప్పేశానని ఏడుస్తున్నావా?"

"కాదు తల్లీ. నీకు అబద్ధం నేర్పించానని ఏడుస్తున్నాను. నువ్వు బాగానే పెరుగుతున్నావు. అమ్మకే కొలవడం రాలేదు."

"నీకు టేపు ఉందిగా?"

"ఉంది. అయినా రాలేదు."

గువ్వ ఆలోచించింది. "పర్లేదులే. పెద్దయ్యాక వస్తుంది," అని బొమ్మని తల్లి ఒళ్ళో పడుకోబెట్టింది.

మర్నాడు పొద్దున పళ్ళెం గువ్వ ముందు పెట్టి టైలరమ్మ మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. గువ్వ సగం తిని, మిగిలింది పక్కకి జరిపి, గుడ్డ సంచి వైపు చూసింది. తరువాత తల్లి వైపు చూసింది. తల్లి చేతులు పళ్ళెం వైపు లేచి మళ్ళీ మిషను మీద వాలాయి. అత్తగారు నోరు తెరిచి ఏదో అనబోయి, అలవాటైన మాట మింగేసి, "నీళ్ళు తాగవే," అంది. గువ్వకు ఈ ఇంట్లో ఏదో వింత జరుగుతోందని అర్థమైంది.

బడి గేటు దగ్గర తల్లులందరూ ఉన్నారు. ఫోటోలావిడ కూడా ఉంది. వాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగి, టీచరుతో చాటుగా చెప్పొచ్చు. దారంతా టైలరమ్మ అదే అనుకుంటూ వచ్చింది. గేటు దగ్గరికి రాగానే గువ్వ ఆమె చెయ్యి వదిలి, అలవాటుగా కుడిచేతి మూడు వేళ్ళూ విప్పి చూసుకుంది, మర్చిపోలేదు కదా అన్నట్టు. అది చూశాక ఇంక చాటు మాట చెప్పలేకపోయింది.

"టీచరుగారూ," అంది అందరి మధ్యా. "మా పాపకి మూడేళ్ళు కాదండీ. నాలుగు నిండి చాలా రోజులైంది. చిన్నగా ఉందని సిగ్గుపడి నేనే అబద్ధం చెప్పాను. దానికి కూడా నేనే నేర్పాను. తప్పంతా నాదే."

గేటు దగ్గర గోల ఆగిపోయింది. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. ఫోటోలావిడ నోరు తెరిచి, "అయ్యో, అయితే మావాడికన్నా పెద్దదా?" అంది. టైలరమ్మ చెవులు వేడెక్కాయి. అయినా కదలకుండా నిలబడింది.

టీచరుకు మొదట కోపం వచ్చింది. "ఇదేం పనండీ? నాలుగేళ్ళ పిల్లని తెచ్చి చిన్నగదిలో..." అని మధ్యలో ఆగింది. ముఖం మారిపోయింది. "అదా సంగతి! మధ్యాహ్నం చిన్నపిల్లలందర్నీ జోకొట్టి పడుకోబెడతానండీ. ఈ పిల్ల ఒక్కతే నిద్రపోదు. లేచి ఆడుకోవచ్చు కదా అంటే, నేను చిన్నదాన్ని, పడుకోవాలి అంటుంది. కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ అలాగే పడుకునేది పాపం. ఒక్కరోజు కూడా అల్లరి చెయ్యలేదు."

టైలరమ్మకు ఇంక కళ్ళముందు ఏమీ కనిపించలేదు. పక్కగదిలో పెద్దపిల్లలు పాటలు పాడుతుంటే, తన అబద్ధం బయటపడకూడదని రోజూ మధ్యాహ్నమంతా కదలకుండా పడుకున్న పిల్ల! గేటు దగ్గరే నేల మీద కూర్చుని, కూతుర్ని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేదు. "నన్ను క్షమించవే తల్లీ," అంది ఏడుస్తూ.

తల్లి ఎందుకు ఏడుస్తోందో గువ్వకు అంతుపట్టలేదు. ముక్కల సంచి సంగతి కూడా టీచరుకి చెప్పేస్తుందేమోనని కాస్త భయపడింది. ఫోటోలావిడ వచ్చి టైలరమ్మ భుజం పట్టుకుని లేపింది. "లేవండి. మావాడికి మాటలు రావట్లేదని నేను మా చుట్టాల్లో వాడికి సిగ్గెక్కువని చెప్పుకు తిరుగుతున్నాను. నాకెవరు బుద్ధి చెప్పాలి?" అంది మెల్లగా.

టీచరు గువ్వ ముందు వంగింది. "అయితే చెప్పమ్మా, నీకు ఎన్నేళ్ళు?"

గువ్వ తల్లి వైపు చూసింది. టైలరమ్మ తల ఊపింది. గువ్వ బొటనవేలిని అరచేతిలో అణిచిపెట్టి, నాలుగు వేళ్ళూ నిటారుగా నిలబెట్టి, ఆ చెయ్యి తలకంటే పైకి ఎత్తింది.

పెద్దగదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అది గువ్వకు కాస్త ఎత్తే. టీచరు ఎత్తి కూర్చోబెట్టబోతే వద్దని, తనే పాకి ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. వాటిని ఊపుకుంటూ గది నాలుగు మూలలూ చూసింది. కిటికీ అవతల నిలబడ్డ తల్లి కనిపించగానే గట్టిగా అరిచింది.

"అమ్మా! ఇక్కడ కూడా ఇంటి వయసేనా?"

"అవును తల్లీ," అంది టైలరమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఎక్కడైనా అదే."